నేర్పు కొరవడలేదు, పప్పు కొరవడింది

ధరలు పెరిగినప్పుడల్లా పేదలకు పొదుపు పాఠాలు చెప్పేవారు బయలుదేరుతారు. నూనె తగ్గించండి, మాంసం మానేయండి, మిగిలిన అన్నం పారవేయకండి, తక్కువ ఖర్చుతో కడుపు నింపే వంటలు నేర్చుకోండి అని ఉపదేశిస్తారు. ముస్లింల దగ్గరికి వచ్చేసరికి ఈ ఉపదేశానికి ఒక వెక్కిరింత కూడా తోడవుతుంది: బిర్యానీలు తినేవాళ్ళకు పేదరికమేమిటని. ఉపదేశమూ వెక్కిరింతా ఒకే అబద్ధం మీద నిలబడి ఉన్నాయి. మన ఇళ్ళలో ఆకలి ఉంటే అది మన ఆడవాళ్ళ చేతగానితనం వల్లో, మగవాళ్ళ జిహ్వచాపల్యం వల్లో వచ్చిందన్నదే ఆ అబద్ధం. దాన్ని మేము అంగీకరించం.

మొదట వెక్కిరింత సంగతి చూద్దాం. బిర్యానీ మన పండుగ వంట, పెళ్ళి వంట, హోటలు వంట. మన రోజువారీ వంట అది ఏనాడూ కాదు. పాతబస్తీలోని ఒక గది ఇంట్లో, కర్నూలు పేటలో, గుంటూరు శివారు బస్తీలో ఏడాదిలో మూడు వందల రోజులకు పైగా పొయ్యి మీద ఉడికేది వేరు. చింతపండు పులుసుతో పలుచగా కాచి, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకుతో బగార్ పెట్టిన ఖట్టీ దాల్. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మసూర్ పప్పు వేసి వండిన ఖిచిడి, దాని పక్కన చింతపండు, నువ్వులు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపిన ఖట్టా. గోంగూర దొరికిన రోజున శనగపప్పుతో అంబాడే కీ భాజీ. నాలుగు ఉల్లిపాయలు, రెండు టమాటాలు మగ్గబెట్టి, రెండే గుడ్లు కొట్టి పోసి ఐదుగురికి సరిపెట్టే ఖాగినా. కూర లేని రోజున లవంగం, దాల్చినచెక్క, పుదీనా వాసనతోనే మాంసం లేని లోటు మరపించే బగారా ఖానా. రాయలసీమ ముస్లింల ఇంట్లో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి. కోస్తాలో పప్పుచారు, ఎండుచేపలు.

ఈ వంటల్లో ఉన్న తెలివిని ఎవరూ పుస్తకంలో రాసిపెట్టి నేర్పలేదు. ఖిచిడినే తీసుకోండి. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అంశం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో ఆ లోటు తీరుతుంది. రెండూ ఒక గిన్నెలో చేరితే ఒకదాని కొరత మరొకటి పూడుస్తుంది. ఖట్టాలోని నువ్వులు కొవ్వునూ, కాల్షియాన్నీ ఇస్తాయి. పోషకాహార శాస్త్రం ప్రయోగశాలలో తేల్చిన ఈ సంగతిని మన నానీలు, దాదీలు నాలుకతో ఎప్పుడో తేల్చుకున్నారు. దాల్చా మరొక ఉదాహరణ. పావు కిలో ఎముకల మాంసాన్ని ముక్కలుగా పంచితే నలుగురికైనా సరిపోదు. అదే మాంసాన్ని శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుసుతో కలిపి కాస్తే ఎనిమిది మంది రొట్టెతోనో అన్నంతోనో కడుపునిండా తింటారు. పప్పును గంట ముందు నానబెడితే గ్యాసు ఆదా అవుతుందని, రాత్రి మిగిలిన రొట్టెను నలిపి బెల్లంతో మలీదా చేస్తే పిల్లలు పండుగలా తింటారని ఈ ఇళ్ళలో పదేళ్ళ ఆడపిల్లకు కూడా తెలుసు. కూర వండినప్పుడు నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి పొరుగింటికీ పంపమని ప్రవక్త (స) బోధించిన సంప్రదాయం మనది. పొదుపును, పంచుకోవడాన్ని ఒకే గరిటెతో నేర్చుకున్న సమాజానికి పొదుపు పాఠాలు కొత్తగా చెప్పవలసిన పని లేదు.

మరి ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ ముఖాలు ఎందుకు పాలిపోతున్నాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఇది అన్ని మతాల, అన్ని కులాల మహిళల లెక్క. మన మహిళలు దీనికి అతీతులేమీ కారు. వండే నేర్పు తెలిసిన చేతుల్లోనే రక్తం లేకుండా పోతున్నదంటే లోపం నేర్పులో ఉండదు, గిన్నెలో పడే సరుకులో ఉంటుంది.

ఆ సరుకు లెక్క ఇప్పుడు చూద్దాం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇస్తుంది. నిరుపేదలైన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి కేంద్రం దీన్ని ఉచితంగా ఇస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం మనిషికి 6 కిలోల చొప్పున, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నది. ఇవన్నీ మంచి పనులే, మేము కాదనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు తెలుగునాట పేద ఇంట పొయ్యి వెలిగిన తీరును మరచిపోయేంత కృతఘ్నులం కాము. కానీ 5 కిలోలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 166 గ్రాములు. అందులో వచ్చే శక్తి సుమారు 590 కిలోకేలరీలు, మాంసకృత్తులు 13 గ్రాములు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక మోస్తరు శ్రమ చేసే పురుషుడికి రోజుకు 2,710 కిలోకేలరీలు, స్త్రీకి 2,130 కావాలి. మాంసకృత్తులు పురుషుడికి 54 గ్రాములు, స్త్రీకి 46 గ్రాములు. అంటే రేషన్ బియ్యం అవసరంలో నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే తీరుస్తున్నది. మిగిలిన మూడు వంతులు బజారులో కొనుక్కోవాలి.

ఆ మూడు వంతుల్లో అసలైన బరువు పప్పుది. అదే సంస్థ సూచించిన పళ్ళెంలో రోజుకు 85 గ్రాముల పప్పు గానీ, దానికి బదులు గుడ్డు, మాంసం వంటివి గానీ ఉండాలి. ఐదుగురున్న ఇంటికి ఇది నెలకు పన్నెండున్నర కిలోలు దాటుతుంది. మన బస్తీల్లో నెలకు పన్నెండు కిలోల పప్పు కొనగలిగిన ఇళ్ళు ఎన్ని? ఆటో నడిపేవాడు, పండ్ల బండి తోసేవాడు, మెకానిక్ దుకాణంలో పనిచేసేవాడు, ఇంట్లో కూర్చుని జరీ పని చేసే ఆడకూతురు నెలజీతం మనుషులు కారు. ముస్లిం శ్రామికుల్లో నెలజీతపు కొలువులు తక్కువని, స్వయం ఉపాధి, వీధి వ్యాపారం ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. ఏ రోజు సంపాదన ఆ రోజే చేతికి వచ్చేవాడు సరుకు కూడా ఏ రోజుకు ఆ రోజే కొంటాడు. కిలో కొనేవాడికంటే పావు కిలో పొట్లం కొనేవాడే ఎక్కువ ధర కడతాడు. పేదవాడు అమ్మకందారుకు చెల్లించే ఈ పన్ను ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

దాని ఫలితం వంటగదిలో కనిపిస్తుంది. ఖిచిడిలో మూడింటికి ఒకటిగా ఉండవలసిన పప్పు ఐదింటికి ఒకటవుతుంది, తరువాత గుప్పెడవుతుంది. ఖట్టీ దాల్‌లో నీళ్ళు పెరుగుతాయి. దాల్చాలో ఎముక మాయమై సొరకాయ మిగులుతుంది. దస్తర్‌ఖాన్ మీద మొదట మగవాళ్ళు, తరువాత పిల్లలు, చివరికి తల్లి కూర్చుంటారు. గిన్నె అడుగున మిగిలిన పలుచటి పులుసును అన్నంలో కలుపుకొని తిన్నదే ఆమె భోజనం. పొదుపు వంట అని మనం మెచ్చుకునేది చాలా ఇళ్ళలో తల్లి పళ్ళెంలో నుంచి తీసిందే. ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్ళు నిండిన పెద్ద మహిళనే గుర్తించింది. కార్డు ఆమె పేరిట ఉంది, పప్పు ఆమె పళ్ళెంలో లేదు.

పప్పు ఇవ్వడం ప్రభుత్వాలకు అసాధ్యమా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉగాదికి ‘అమ్మ హస్తం’ పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచి ఇచ్చారు. కందిపప్పు, పామోలిన్ నూనె, గోధుమపిండి, గోధుమలు, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు అందులో ఉన్నాయి. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే. వాటిని సరిదిద్దడానికి బదులు సంచినే లేకుండా చేశారు. పొరుగున తమిళనాడు 2007 నుంచి రేషన్ దుకాణంలో రాయితీ ధరకు కందిపప్పు, పామోలిన్ నూనె అందిస్తున్నది. ప్రభుత్వాలు మారాయి, పప్పు ఆగలేదు. ఆహార భద్రతా చట్టం 12వ సెక్షన్ కూడా పంపిణీ వ్యవస్థలో కాలక్రమేణా సరుకుల వైవిధ్యం పెంచాలని చెబుతున్నది. చట్టం చేసి దశాబ్దం దాటింది. ఆ కాలక్రమం ఎప్పుడు వస్తుందని అడిగే హక్కు మనకు ఉంది.

పప్పుకు బదులు నగదు వేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. నగదు ధర పెరిగిన రోజున కరిగిపోతుంది, పప్పు కరగదు. గ్యాసు విషయంలో ఈ అనుభవం ఇప్పటికే ఉంది. తెలంగాణలో 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అన్నారు. రెండుచోట్లా ముందు పూర్తి ధర చెల్లించాలి, రాయితీ తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. రోజు కూలీ మీద బతికే ఇంటికి తరువాత వచ్చే డబ్బుకన్నా ముందు కట్టవలసిన డబ్బే పెద్ద సమస్య. అందుకే సిలిండరు ఖాళీ అయిన వారం రోజులు కట్టెల పొయ్యి వెలుగుతుంది, అదీ కాకుంటే బయట టిఫిన్ బండి దిక్కవుతుంది. ఇంట్లో వండుకోమని చెప్పేవారు ముందు ఆ ఇంట్లో మంట ఉందో లేదో చూడాలి.

ఇక్కడ ముస్లింలకు ప్రత్యేకంగా జరుగుతున్న అన్యాయం ఒకటి ఉంది. ఆహార భద్రతా చట్టం దేశవ్యాప్తంగా గ్రామాల్లో 75 శాతం మందికి, పట్టణాల్లో 50 శాతం మందికి మాత్రమే వర్తిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతమైతే, ముస్లింలలో దాదాపు 40 శాతం. అంటే పట్టణ పేదలను సగం దగ్గర ఆపివేసే నియమం పైకి మతం పేరెత్తకపోయినా మన మీద ఎక్కువగా పడుతుంది. పైగా ఈ లెక్కలన్నీ ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తున్నాయి. ఆ తరువాత పుట్టిన పిల్లలు, పల్లె నుంచి బస్తీకి వలస వచ్చిన కుటుంబాలు ఈ లెక్కలోకి రాలేదు. తెలుగు రాష్ట్రాలు తమ ఖర్చుతో అదనపు కార్డులు ఇస్తున్నాయి, సంతోషం. కానీ తెలంగాణలో కొత్త కార్డుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు 2025లో గానీ మళ్ళీ జారీ జోరందుకోలేదు. అద్దె ఇంట్లో ఉంటూ ఏటా గల్లీ మారే కుటుంబానికి చిరునామా రుజువే ఒక యుద్ధం.

మాంసం మాట కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. పెద్దకూర పేదవాడి మాంసం. మనతో పాటు దళితుల, ఆదివాసుల, ఎందరో శ్రామికుల పళ్ళెంలో తక్కువ డబ్బుకు ఎక్కువ మాంసకృత్తులు, ఇనుము ఇచ్చేది అదే. పాయా, చాక్నా వంటి వంటలు పుట్టింది కూడా ఏ భాగాన్నీ వృథా చేయని పొదుపులో నుంచే. 1977 నాటి చట్టం మన రాష్ట్రాల్లో ఆవులను, దూడలను వధించరాదన్నది. పాడికి, సేద్యానికి పనికిరాని దున్నలకు, బర్రెలకు అధికారి ధ్రువపత్రంతో అనుమతి ఇచ్చింది. చట్టాన్ని పాటించాలన్నదే మా మాట, వ్యాపారులకూ అదే చెబుతున్నాం. కానీ చట్టబద్ధంగా కొన్న పశువుల వాహనాన్ని రోడ్డు మీద ఆపి కొట్టే గుంపులకు కూడా చట్టం వర్తించాలి కదా? ఆ భయం మాంసం ధరలో చేరుతుంది. డ్రైవరు కిరాయి పెంచుతాడు, వ్యాపారి సరుకు తగ్గిస్తాడు, చివరికి పావు కిలో కొనే తల్లి అరపావుతో తిరిగి వస్తుంది. ద్వేషం ఖరీదును ఆ తల్లి సంచీలో తూచి చూడవచ్చు.

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మన పెద్దలనూ అడగాలి. ఖురాన్ ఇస్రాఫ్‌ను, అంటే దుబారాను నిషేధించింది. మరి మన ఫంక్షన్ హాళ్ళలో వలీమా రాత్రి జరుగుతున్నదేమిటి? రెండు రకాల బిర్యానీ, నాలుగు రకాల కబాబులు, మూడు రకాల మీఠా వడ్డించి, సగం తిన్న పళ్ళేలను డ్రమ్ముల్లోకి వంచుతున్నారు. ఆ హాలు గోడకు ఆనుకొని ఉన్న గల్లీలో ఖిచిడిలో పప్పు లేదు. కూతురి పెళ్ళిలో ఈ ఆర్భాటం చేయకపోతే పరువు పోతుందని అప్పు చేసిన తండ్రి, ఆ అప్పు తీరేదాకా ఇంటి వంటలోనే కోత పెడతాడు. బిర్యానీ తినేవాళ్ళన్న వెక్కిరింతకు మనమే ఏడాదికొకసారి సాక్ష్యం తయారుచేసి ఇస్తున్నాం.

ఫిత్రా సంగతి కూడా అంతే. ఖర్జూరం, ఎండుద్రాక్ష లెక్కన ఇవ్వగలిగిన స్తోమత ఉన్నవారు సైతం గోధుమల లెక్కన, అన్నింటికన్నా తక్కువ మొత్తం కట్టి చేతులు దులుపుకొంటున్నారు. స్థోమతను బట్టి ఎక్కువ ఇవ్వమని ఉలమాలు ఏటా చెబుతూనే ఉన్నారు. రంజాన్‌లో పంచే రేషన్ కిట్లలోనూ ఫొటో కోసం సేమ్యా, చక్కెర, షర్బత్ సీసా ముందు వరసలో ఉంటాయి. వాటికి బదులు ఐదు కిలోల మసూర్ పప్పు, రెండు లీటర్ల నూనె పెడితే ఈద్ తరువాతి నెల కూడా ఆ ఇల్లు నిలబడుతుంది.

మనం ఏం చేయాలి? మొదటిది, మహల్లా స్థాయిలో పప్పు నిధి. ఇరవై ముప్పై కుటుంబాలు కలిసి హోల్‌సేల్‌లో బస్తా పప్పు, టిన్ను నూనె కొని అసలు ధరకు పంచుకుంటే పొట్లాల పన్ను తప్పుతుంది. కొనలేని ఇంటి వాటాను జకాత్ నుంచి భరించవచ్చు. మస్జిద్ కమిటీలు దీనికి ఒక గది, ఒక తక్కెడ ఇస్తే చాలు. లెక్కల పుస్తకం మాత్రం మహిళల చేతిలో ఉండాలి, ఎందుకంటే గిన్నె ఖాళీ అన్న సంగతి మొదట తెలిసేది వారికే.

రెండవది, చట్టం ఇచ్చిన పనిముట్లను వాడుకోవడం. ప్రతి రేషన్ దుకాణానికీ విజిలెన్స్ కమిటీ ఉండాలని, అందులో మహిళలకు, నిరుపేదలకు చోటుండాలని ఆహార భద్రతా చట్టం చెబుతున్నది. జిల్లాకు ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రానికి ఆహార కమిషన్ ఉండాలన్నది. మన బస్తీల్లో ఈ కమిటీల పేర్లయినా విన్నవారెందరు? కార్డు రానివారు, పేరు తొలగించబడినవారు నోటి మాటగా డీలరును బతిమాలకుండా ఆ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, రశీదు తీసుకోవాలి.

మూడవది, ప్రభుత్వాల ముందు పెట్టవలసిన కోరికలు. రేషన్‌లో మనిషికి నెలకు కిలో పప్పు ఇవ్వాలి. రోజుకు అది 33 గ్రాములే, అవసరంలో సగం కూడా కాదు. కార్డుకు రెండు లీటర్ల నూనె ఇవ్వాలి. గ్యాసు రాయితీని సిలిండరు ధరలోనే ముందుగా తగ్గించాలి. బడి పిల్లలకు ఇచ్చే మధ్యాహ్న భోజనం, గుడ్డు, ప్రభుత్వ గుర్తింపు పరిధికి బయట ఉన్న మదర్సాల పిల్లలకూ అందాలి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించాకే దేశమంతటా బడుల్లో వండిన అన్నం హక్కుగా మారింది. పేద పిల్లవాడు ఏ బల్ల మీద కూర్చుని ఏ అక్షరం దిద్దుతున్నాడన్నది వాడి ఆకలికి సంబంధం లేని విషయం.

ఈ కోరికల్లో ముస్లింలకు మాత్రమే పనికివచ్చేది దాదాపు ఏదీ లేదు. రేషన్‌లో కందిపప్పు వస్తే మాల, మాదిగ వాడలోనూ, లంబాడా తండాలోనూ, చేనేత ఇంట్లోనూ అదే గిన్నెలో ఉడుకుతుంది. అందుకే ఈ పోరాటంలో మనం ఒంటరిగా నిలబడనక్కరలేదు, నిలబడకూడదు కూడా. హక్కుల గురించి మాట్లాడేటప్పుడు రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, భద్రత గురించి మాట్లాడుతున్నాం. వాటి పక్కనే పప్పునూ చేర్చాలి. సంఘాల సమావేశాల్లో వంటగది ప్రస్తావన వస్తే నవ్వి దాటవేసే అలవాటు మానుకోవాలి.

ఈ నెల మీ గల్లీలోని రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడిన అమ్మీలను, ఫుప్పులను, భాభీలను అడగండి: బియ్యంతో పాటు ఏం కావాలని. వారు చెప్పిన జవాబునే అర్జీగా రాసి, వారి చేతనే సంతకాలు చేయించి, తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వండి. వంట వారికి వచ్చు. సరుకు ఇప్పించడం మన బాధ్యత.